పద్యం పూర్తయ్యాక కప్పండి

మొన్న డిసెంబర్‌లో హైదరాబాద్ రవీంద్రభారతిలో జరిగిన మన అమెరికా తెలుగువాళ్ళ అసోసియేషన్ కార్యక్రమాల ముగింపు సభకి మీలో చాలామంది వచ్చారు, రానివాళ్ళు గ్రూపులో ఫోటోలు చూసే ఉంటారు. నేను చెప్పబోయేది ఫోటోల్లో లేదు.

పద్యనాటకం ఆరింటికి అని ఇన్విటేషన్‌లో వేసింది మనమే. కృష్ణ రాయబారం ఘట్టం, నలభై నిమిషాలు. ఆర్టిస్టులు మూడింటికే వచ్చి రంగు పూసుకున్నారు, కృష్ణుడు వేసే ఆయన కిరీటం ఒళ్ళో పెట్టుకుని వింగ్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, ఆరు దాటింది, ఏడు దాటింది, స్టేజీ మీద సన్మానాలు అవుతూనే ఉన్నాయి, డోనర్లకి, డోనర్ల అమ్మానాన్నలకి, మళ్ళీ కమిటీ వాళ్ళకి. ఎనిమిదిన్నరకి తెర లేచింది. రెండో పద్యం చివర ఆయన రాగం తీస్తుంటే మనవాళ్ళే ఒకరు మైకు పట్టుకుని వచ్చేసి, హాలు ఖాళీ చెయ్యాలి, కళాకారులకి సత్కారం చేసేద్దాం అన్నారు.

హార్మోనియం పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి. శాలువా కప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "పద్యం సగంలో ఉంది బాబూ, పూర్తయ్యాక కప్పండి" అన్నారు. గొంతులో కోపం కూడా లేదు. పెట్టె మూసుకుని, దాని మీద గుడ్డ కప్పుకుని వెళ్ళిపోయారు. శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది.

శాలువాలు పళ్ళెంలో పెట్టి అందించింది నేనే. అందుకే నిద్ర పట్టక ఇది రాస్తున్నా.

పద్యనాటకం చూసినవాళ్ళకి తెలుసు, పద్యం చివర ఆ రాగం నటుడు ఒక్కడే తీసేది కాదు, హార్మోనియం ఆయన నటుడి శృతి పట్టుకుని వెంటే నడుస్తాడు, ఊపిరి ఎక్కడ ఆగుతుందో చూసుకుని అందుకుంటాడు, జనం వన్స్ మోర్ అని అరిచేది ఆ ఇద్దరికీ కలిపి. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన నాటక కుటుంబాల వాళ్ళు ఇవాళ్టికీ శేరిలింగంపల్లిలో ఉంటూ నాటకాలు వేస్తున్నారు, ఎంత మిగులుతుందని వేస్తున్నారు? ఠాగూర్ శతజయంతికి 1961లో తెరిచిన హాలు రవీంద్రభారతి, అక్కడే పద్యాన్ని మధ్యలో ఆపేశాం.

మా నాన్నది నారాయణగూడలో చిన్న టైలర్ షాపు. ఒకసారి దసరా ముందురోజు రాత్రి ఒకాయన వచ్చి పెళ్ళికి టైమైపోతుంది, గుండీలు లేకపోయినా పర్లేదు చొక్కా ఇచ్చెయ్ అని గొడవ పెట్టుకున్నాడు, రెట్టింపు డబ్బులిస్తా అన్నాడు కూడా. నాన్న ఇవ్వలేదు. "పని పూర్తి కాకుండా నా గడప దాటదు, కూర్చోండి" అని టీ తెప్పించి, ఆఖరి గుండీ దాకా కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చాడు, మామూలు కూలీయే తీసుకున్నాడు. తెల్లారి మెషిన్‌కి పసుపు కుంకుమ పెట్టి, కత్తెరకి దణ్ణం పెట్టాడు. సాయంత్రం జమ్మి ఆకు బంగారమని అందరి చేతుల్లో పెట్టాడు.

ఇంకోటి కూడా చెప్పాలి. కత్తెరకి దణ్ణం పెట్టిన అదే నాన్న కాజాలు కుట్టే పిల్లాణ్ణి ఏడాదంతా "ఒరేయ్" అనే పిలిచాడు, వాడికి టీ గ్లాసు వేరే. మా అమ్మా అంతే, పనామెకి అన్నం కడుపునిండా పెట్టేది, కానీ గడప బయట. మన దగ్గర నువ్వు అంటే ప్రేమ కూడా ఉంటుంది, నేను నాన్నని నువ్వు అనే పిలిచాను, దాన్ని తప్పు పట్టను. కానీ అమెరికాలో, ఎడిసన్‌లో ఆఫీసు ఊడ్చే ఆయనకి రోజూ గుడ్ మార్నింగ్ చెప్పే నేను హైదరాబాద్‌లో దిగగానే నాకంటే పెద్ద వాచ్‌మన్‌ని "ఏయ్, గేటు తియ్" అన్నాను, ఆ నువ్వులో ప్రేమ లేదు.

కమిటీ వాళ్ళ కష్టం నాకు తెలుసు. డోనర్లు లేకపోతే ఊళ్ళో ఐ క్యాంపులు లేవు, స్కాలర్‌షిప్పులు లేవు, వాళ్ళని పిలిచి గౌరవించకుండా ఎలా. హాలు వాళ్ళు టైముకి లైట్లు తీసేస్తారు. ఇవన్నీ నిజాలే. అయినా కోత పడేది ఎప్పుడూ పని చేసేవాళ్ళ టైములోనే ఎందుకు? సన్మానాల లిస్టులో పది పేర్లు తగ్గిద్దామని ఆ సాయంత్రం ఒక్కరం అనలేదు, నేనూ అనలేదు.

ఈ డిసెంబర్‌కి హాలు బుక్ చేస్తున్నారని విన్నా. నాటకం మొదట పెట్టండి, దయచేసి. ఆ పెద్దాయన్ని పేరు పెట్టి, గారు అని ఇన్విటేషన్‌లో వెయ్యండి, ఫోన్ చెయ్యకుండా మనమే ఇంటికెళ్ళి పిలుద్దాం, రానంటే అది ఆయన ఇష్టం. వస్తే రాగం ఆగేదాకా ఎవరూ మైకు ముట్టుకోవద్దు. కుర్చీ మీద ఉండిపోయిన శాలువా మడతపెట్టి నా సూట్‌కేసులో ఉంచాను, తీసుకొస్తా.