మిగిలిపోయిన 151 ల్యాపులు

2024 మే 26, ఆదివారం రాత్రి అమెరికాలోని షార్లెట్‌లో వాన వెలిసింది. ట్రాక్ ఆరబెట్టే పనీ మొదలైంది. తడిసిన బట్టలతోనే కొందరు స్టాండ్లలో ఎదురుచూస్తున్నారు. అంతలో, ఇక రేసు లేదని కారు రేసులు నిర్వహించే సంస్థ నాస్కార్ ప్రకటించేసింది. 600 మైళ్ల కోకా-కోలా 600 రేసులో 400 ల్యాపులు (ట్రాక్ చుట్టూ రౌండ్లు) ఉంటే పూర్తయినవి 249. అప్పటికి ముందున్న క్రిస్టఫర్ బెల్ విజేత.

బెల్ గెలుపును మేం తప్పుబట్టడం లేదు. 90 ల్యాపులు అతనే ముందున్నాడు. సగం దూరం దాటాక రేసు ఆగిపోతే అప్పటి స్థానాలే ఖాయమన్నది పాత రూలు. ఆ రూలును ఈ రేసుకు కూడా వాడటమే మాకు నచ్చలేదు.

వానలోనే నడపాల్సిందని ఎవరూ అనరు. గాడుల్లేని టైర్లతో, 24 డిగ్రీల వాలున్న మలుపుల్లో, తడి మీద కారు నిలవదు. ఆ ఏడాది మార్చిలో రిచ్‌మండ్‌లో వాన టైర్లతో రేసు మొదలుపెట్టారు. కానీ అది ముప్పావు మైలు ట్రాక్. మైలున్నర షార్లెట్‌లో అది కుదరదు. గాలిలో తేమ ఎక్కువై ట్రాక్ ఆరలేదు, నిజమే. అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టి తెల్లవారుజామున ముగించడమూ సబబు కాదు.

మరి సోమవారం ఏమైంది? ఆ రోజు మెమోరియల్ డే, అమెరికా అంతటా సెలవు. ఆ ఏడాది ఫిబ్రవరిలో నాస్కార్‌దే మరో పెద్ద రేసు డేటోనా 500ను వాన వల్ల సోమవారమే జరిపారు. 2020లోనైతే అదే రేసును ఆదివారం 20 ల్యాపులు నడిపి, మిగతాది మర్నాడు పూర్తిచేశారు.

నాస్కార్ క్యాలెండర్‌లో ఇంత పొడవైన రేసు మరొకటి లేదు. ఎండలో మొదలై ఫ్లడ్‌లైట్ల కింద ముగుస్తుంది. ట్రాక్ చల్లబడేకొద్దీ కారు తీరు మారిపోతుంది. ఇంజిన్ తట్టుకుంటుందా, అలసిన డ్రైవర్ చివరి వంద మైళ్లు చెయ్యి తడబడకుండా నడపగలడా అన్నదే ఇక్కడ అసలు పరీక్ష. 373.5 మైళ్ల దగ్గర ఆపేస్తే ఆ పరీక్ష జరగనట్టే.

డ్రైవర్ కైల్ లార్సన్‌ను చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఒకే రోజు రెండు రేసులు, 1,100 మైళ్లు నడపాలన్నది అతని ఆశ. వాన వల్ల మొదటిదైన 500 మైళ్ల రేసు ఇండియానాపోలిస్ 500 నాలుగు గంటలు ఆలస్యమైంది. అక్కడ 18వ స్థానంలో ముగించి విమానంలో షార్లెట్ చేరేసరికి ఇక్కడా వానే. అప్పటిదాకా అతని కారును జస్టిన్ ఆల్గైర్ నడిపాడు. లార్సన్‌కు ఒక్క ల్యాపు కూడా దక్కలేదు.

2019 ప్రపంచకప్ సెమీఫైనల్ మన క్రికెట్ అభిమానులకు గుర్తుండే ఉంటుంది. మాంచెస్టర్‌లో వాన పడితే న్యూజిలాండ్ ఇన్నింగ్స్‌ను రిజర్వ్ డే నాడు కొనసాగించారు. మనం ఓడిపోయాం, బాధపడ్డాం. కానీ మ్యాచ్ పూర్తిగా జరిగింది.

డేటోనా 500 కూడా 2003లో 109 ల్యాపులకే, 2009లో 152 ల్యాపులకే ముగిసింది. నిండా నడిస్తే 200. కనీసం ఈ రెండు పెద్ద రేసులకైనా సగం దూరం రూలును నాస్కార్ ఎత్తేయాలి. సోమవారాన్ని రిజర్వ్ డేగా ప్రకటించి, ఆ మాట టికెట్ మీదే ముద్రించాలి. దూరం నుంచి కుటుంబాలతో వచ్చేవాళ్లు తిరుగు ప్రయాణం మంగళవారానికి పెట్టుకుంటారు.