ఆ అవ్వను కూర్చోమన్నారు

ఇప్పుడే హన్మకొండలో మా కాలనీ కమ్యూనిటీ హాల్ నుంచి ఇంటికొచ్చాను. అన్నం ముందు పెట్టుకున్నా తినబుద్ధి కావట్లేదు. ముందు ఇది రాయాలి.

ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు వాదించే ప్రాసిక్యూషన్ ఆఫీసు వాళ్లు ప్రజల భద్రత మీద అవగాహన సదస్సు పెట్టారు. మంచి పనే కదా అని డ్యూటీలో గంట పర్మిషన్ తీసుకుని మరీ వెళ్లాను. ఆరింటికి అన్నది ఏడింటికి మొదలైంది. దీపం వెలిగించడం, శాలువాలు, ఫోటోలు, కార్పొరేటర్ గారి కోసం ఎదురుచూడటం. ముందు వరసలో పిల్లలు నిద్రపోయారు. సరే, అది మన దగ్గర మామూలే అనుకున్నా.

చెప్పిన విషయాలు కూడా మంచివే. మైనర్లకు బండి ఇస్తే తల్లిదండ్రులకు 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అన్నారు. అకౌంట్లో డబ్బులు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయమన్నారు. గంజాయి గురించి చెప్పారు. ఇవన్నీ చెప్పాల్సినవే, నేను కాదనను. ఆ తర్వాత ఒకాయన మైకు తీసుకుని గట్టిగా అన్నాడు: "నేరం జరిగితే చూసినవాళ్లు ముందుకు రావట్లేదు. వచ్చినవాళ్లు కోర్టులో మాట మారుస్తున్నారు. మీరే ఇట్లా చేస్తే మేమేం చేయగలం?"

అప్పుడు లేచింది మా వెనక వీధి అవ్వ. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఎఫ్ఐఆర్ జిరాక్స్. ఆమె కొడుకు ఎనుమాముల మార్కెట్లో హమాలీ. పోయిన ఏడాది పని ముగించుకుని సైకిల్ మీద వస్తుంటే లారీ గుద్దింది. ఆమె అడిగింది ఒక్కటే. "సారూ, నా కొడుకు కేసు ఏడిదాక అచ్చింది?"

"అమ్మా, సొంత విషయాలు మాట్లాడే చోటు కాదిది, కూర్చో."

ఎవరో వచ్చి భుజం పట్టి కూర్చోబెట్టారు. ఆమె కూర్చుంది. ఆ కవరు మడిచి ఒళ్లో పెట్టుకుంది. నాకు అక్కడే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సొంత విషయం ఎట్లా అవుతుంది? క్రిమినల్ కేసు ప్రభుత్వానిది. మేజిస్ట్రేట్ కోర్టులో ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్), సెషన్స్ కోర్టులో పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) అనే ప్రభుత్వ లాయర్లు వాదిస్తారు. జీతం మన పన్నుల్లోంచే. అంటే ఆ అవ్వ కొడుకు తరఫున నిలబడాల్సిన ఆఫీసు వాళ్లే ఆమెకు పది అడుగుల దూరంలో స్టేజీ మీద ఉన్నారు. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఎవరో "కేసు నేను చూసుకుంటా" అని 5,000 తీసుకుపోయారట. సదస్సులో మొట్టమొదట చెప్పాల్సిన మాట అదే కదా, అమ్మా మీకు లాయరు మేమే, మీరు ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు అని! క్రిమినల్ కేసులు ఎట్లా నడపాలో చెప్పే పాత సీఆర్‌పీసీ బదులు 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ అనే కొత్త చట్టం అమల్లో ఉంది. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లో బాధితులకు పోలీసులు చెప్పాలని అందులో రాసి ఉంది. ఫోన్లో మెసేజ్ పెట్టినా చాలు. ఆ మెసేజ్ ఆమెకు రాలేదు.

సాక్షులు రావట్లేదు అంటున్నారు కదా, సాక్షి ఎట్లా ఉంటుందో నేను చెబుతా. మా అమ్మ సాక్షి.

2017లో పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తుంటే బండి మీద ఇద్దరొచ్చి మూడు తులాల పుస్తెలతాడు తెంపుకుపోయారు. మెడ మీద గీత చాలా రోజులు ఉంది. మూడు నెలలకు దొంగలు దొరికారు, తాడు కూడా దొరికింది. అమ్మ పోయి గుర్తుపట్టింది. అప్పుడు మేమంతా సంతోషపడ్డాం.

సమన్లు రావడం 2019లో మొదలైంది. రేపు రావాలని ముందురోజు రాత్రి కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ ఫోన్ చేసేవాడు. ఐదుసార్లు వెళ్లింది, నాలుగుసార్లు వాయిదా. సాక్షి వచ్చి ఉంటే గట్టి కారణం రాస్తే తప్ప విచారించకుండా వాయిదా వేయకూడదని పాత చట్టం 309వ సెక్షన్‌లో ఉంది, కొత్తదాంట్లో 346లోనూ ఉంది. ఆ మాట అక్కడ అడిగినవాళ్లు లేరు. సాక్షుల ఖర్చులు ఇప్పించే సెక్షన్ కూడా ఉంది. మా అమ్మకు ఆటో కిరాయి ఒక్క రూపాయి రాలేదు. కూర్చోవడానికి ఉన్నది ఒకే బెంచీ, దాని మీద నిందితుడి అన్న. "పెద్దదానివి, నీకెందుకమ్మా ఈ తిరుగుడు" అని మెల్లగా అన్నాడు. అది బెదిరింపో జాలో అమ్మకు అర్థం కాలేదు. ఆ రోజు నుంచి రాత్రిపూట గేటు రెండుసార్లు చూసుకునేది.

మన తరఫు వకీలు ఆమెతో మాట్లాడింది లోపలికి పిలిచే ముందు రెండు నిమిషాలు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిందితుల వకీలు అడిగాడు, మీకు కంట్లో శుక్లాలు ఉన్నాయి కదా, ముఖం ఎట్లా కనబడింది అని. ముందే ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే దొంగ మీదికి వంగినప్పుడు అరచేతి దూరంలో ముఖం చూసిందని చెప్పించేవాళ్లు. అమ్మ తడబడింది. కేసు పోయింది.

తాడు సంగతి ఇంకా ఘోరం. దొరికిన బంగారాన్ని ఫోటోలు తీసి, పంచనామా రాసి, బాండు రాయించుకుని త్వరగా సొంతదారుకు ఇచ్చేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. కోర్టులో చిన్న పిటిషన్ వేస్తే సరిపోయేది. ఆ ముక్క మాకు ఎవ్వరూ చెప్పలేదు, కేసు అయ్యేదాకా ఆగాలన్నారు. అమ్మ పసుపు కొమ్ము కట్టుకుని తిరిగింది. 2019 చివర్లో మా నాన్న పోయాడు. పుస్తెలతాడు 2020లో చేతికొచ్చింది. అమ్మ దాన్ని చేతిలో పట్టుకుని ఏమీ మాట్లాడలేదు. ఇప్పటికీ బీరువాలో గుడ్డలో చుట్టి ఉంది. నేను ఈ జన్మలో మర్చిపోను.

2008 డిసెంబర్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ దాడి చేసిన కేసు నిందితులు ఎన్‌కౌంటర్ అయితే మన వరంగల్‌లో ఎంతమంది సంబరపడ్డారో గుర్తుందా? నేనూ సంబరపడ్డాను. అది తప్పని ఇప్పుడు అనిపిస్తోంది, కానీ ఎందుకు సంబరపడ్డామో తెలుసు. కోర్టుకు పోతే ఏళ్లు పడుతుందని భయం. చేయాలనుకుంటే చేయగలరు కూడా. 2019లో హన్మకొండ పసిబిడ్డ హత్యాచారం కేసులో రెండు నెలలు తిరగకముందే తీర్పు వచ్చింది. బావిలో తొమ్మిది శవాలు దొరికిన గొర్రెకుంట కేసు 2020 మేలో జరిగితే అక్టోబర్‌లో శిక్ష పడింది. అప్పుడు అందరూ కష్టపడి పనిచేశారు, వాళ్లకు దండం పెడతా. హమాలీ కేసుకు, ముగ్గు దగ్గర తెగిన తాడుకు ఆ కష్టంలో పదో వంతు కూడా లేదా?

ధైర్యంగా రండి అని పిలిచినవాళ్లు సాక్షుల రక్షణ పథకం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన పథకం అది. దాని ప్రకారం ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉండాలి. దానికి మెంబర్ సెక్రటరీ ఎవరనుకున్నారు? జిల్లా ప్రాసిక్యూషన్ అధికారే. బెదిరింపు వస్తే దరఖాస్తు పెట్టుకోవాల్సింది వాళ్లకే. అది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. మా అమ్మకు అప్పుడు ఇది తెలిసుంటే!

నాకు శాలువాల సభ వద్దు. కోర్టు గేటు దగ్గర ఒక టేబుల్, ఒక మనిషి కావాలి. ఎఫ్ఐఆర్ నంబర్ చెబితే కేసు ఎక్కడుందో, వాయిదా ఎప్పుడో చెప్పాలి. సాక్షిని వారం ముందు పిలిచి మాట్లాడాలి. నిందితుడి మనుషులు లేనిచోట కూర్చోబెట్టాలి.

సభ అయ్యాక అవ్వను బయట ఆపి ఆ జిరాక్స్ తీసుకున్నా. ఫోన్లో ఈ-కోర్ట్స్ యాప్ తెరిచి పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబర్, సంవత్సరం కొట్టా. మూడు నిమిషాల్లో వచ్చింది. ఛార్జిషీట్ ఎప్పుడో వేశారు. కేసు సాక్షుల దగ్గర ఉంది. ఇప్పటికి రెండు వాయిదాలు అయిపోయాయి, మూడోది వచ్చే గురువారం.

అవ్వ తేదీ కాగితం మీద రాసిమ్మంది. జిరాక్స్ వెనక పెద్ద అక్షరాలతో రాసిచ్చా. గురువారం సెలవు పెట్టి ఆమెతో నేనూ కోర్టుకు వెళ్తున్నా.