రెండు వందల ఒకటో యూనిట్

లండన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మొన్న ఫోను చేసి, పెద్ద ధర్మసంకటంలో పడ్డానన్నాడు. ఇంటి కరెంటుకు స్థిర ధర ఒప్పందం రాసుకోవాలా, మారే ధరతోనే నెట్టుకురావాలా తేల్చుకోలేకపోతున్నాడట. స్థిర ధర అయితే ఒప్పందం ముగిసేదాకా యూనిట్ ధర కదలదు. మారే ధరకు అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ మూడు నెలలకోసారి గరిష్ఠ పరిమితి ప్రకటిస్తుంది. "నువ్వయితే ఏది తీసుకుంటావు మామా?" అన్నాడు.

పిల్లాడి మీద జాలేసింది. నల్లగొండలో మాకు అలాంటి శ్రమ ఎవరూ పెట్టలేదు. పంపిణీ సంస్థ ఒక్కటే, ధరల పట్టిక ఒక్కటే. ఇక్కడ ధర మారడానికి ఎక్కడో యుద్ధాలు జరగనక్కరలేదు, మా ఇంట్లో ఎవరైనా ఇస్త్రీపెట్టె ముట్టుకుంటే చాలు.

2022 ఏప్రిల్‌లో అమలుకొచ్చిన పట్టిక చూడండి. నెలకు సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్ కాలిందా, మన కులగోత్రాలే మారిపోతాయి. మొదటి 200 యూనిట్లూ 5.10 లెక్కకు ఎగబాకి 1,020 అవుతాయి, ఆ ఒక్కదానికి మరో 7.70. అంటే 201వ యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! మన జిల్లాలోనే, దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. అన్ని యూనిట్లనూ అక్కడ బొగ్గుతోనే తీస్తున్నారనుకున్నాను. 201వ దాంట్లో కుంకుమపువ్వు కూడా వేస్తారు కాబోలు.

మా పక్కింటివారి పరిస్థితి ఇంకా సున్నితమైనది. నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ పథకం గృహజ్యోతి పుణ్యమా అని 2024 నుంచి వారిది జీరో బిల్లు. 200 దాటితే మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది. అందుకే నెలలో చివరి వారం ఆ ఇంట్లో అత్యవసర పరిస్థితి అమల్లో ఉంటుంది. కూలర్ తడిక ఎండిపోయి ఉంటుంది. మిర్యాలగూడ నుంచి వస్తామన్న వియ్యంకులకు రీడింగ్ అయ్యాక రమ్మని కబురు వెళుతుంది. రీడింగ్ తీసే అబ్బాయి కోసం చూసినంత ఆత్రంగా వాళ్లు పెళ్లికొడుకు కోసం కూడా చూడలేదు.

ఇక కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనలు మరీ ఉదారమైనవి. స్మార్ట్ మీటర్లు బిగించాక ఎండవేళ కరెంటు కనీసం 20 శాతం చవకగా, గిరాకీ వేళ మరింత ప్రియంగా ఉండాలట. మే నెలలో మిట్టమధ్యాహ్నం రేకుల ఇంట్లో కూర్చుని బట్టలు ఇస్త్రీ చేసుకునే శిక్షకు, నల్లగొండ వాసులకు ఐదో వంతు రాయితీ అన్నమాట.

ఇదంతా మేనల్లుడికి వివరంగా చెప్పి, అసలు సలహాకు వచ్చేసరికి ఫోనులో చార్జింగ్ అయిపోవచ్చింది. ప్లగ్గు దగ్గరికి వెళ్లబోతే మా ఆవిడ అడ్డం నిలబడింది. ఆమె చేతిలో పోయిన నెల బిల్లు, వెనక పెన్సిలుతో వేసిన తీసివేత.

"రేపు పొద్దున రీడింగ్. ఇప్పటికి 199 అయ్యాయి. అబ్బాయికి ఉత్తరం రాయండి."