ఉచిత ప్రేక్షకుడి హక్కుల ముసాయిదా

2016 జూన్‌లో అమెరికా అంతరిక్ష సీరియల్ 'స్టార్ ట్రెక్' హక్కులున్న సీబీఎస్, పారామౌంట్ సంస్థలు దాని అభిమానుల నెత్తిన ఒక నియమావళి పెట్టాయి. అభిమానులు సరదాకి సొంతంగా తీసుకునే సినిమా, అంటే ఫ్యాన్ ఫిల్మ్, 15 నిమిషాలు దాటకూడదు. కథ మరీ పొడుగైతే రెండు భాగాలు, అంతా కలిపి 30 నిమిషాలు, ఆపైన కొనసాగింపు మాటే ఎత్తకూడదు. చందాలు 50,000 డాలర్లు మించకూడదు. నటించినవాళ్ళకీ, కెమెరా పట్టినవాళ్ళకీ పైసా ఇవ్వకూడదు. అసలు సీరియల్లోనో సినిమాల్లోనో పనిచేసినవాళ్ళు ఇందులో వేలు పెట్టకూడదు. యూనిఫాం బజార్లో కొనేదైతే అనుమతి ఉన్న అసలు సరుకే కొనాలి. బూతులు, మందు కూడా కుదరవు.

ఇంత కట్టుదిట్టంగా రాసిన పత్రంలో ఒక పెద్ద లోపం ఉండిపోయింది. నియమాలన్నీ తీసేవాడికే. చూసేవాడి గురించి ఒక్క ముక్క లేదు. టికెట్ కొనకుండా, పడక మీంచి లేవకుండా, 15 నిమిషాల విలువైన కాలాన్ని (అందులో 9 నిమిషాలు ముందుకు లాగేసినా సరే) త్యాగం చేసే మనిషికి ఏ రక్షణా లేకపోవడం అన్యాయం. ఆ లోటు పూడ్చడానికే ఈ ముసాయిదా.

మొట్టమొదట పాండిత్య హక్కు. సినిమా మొదలైన పది సెకన్లలోపు ఏదో ఒక తప్పు పట్టే అధికారం ప్రేక్షకుడికి ఉండాలి. అంతరిక్ష ఓడ మీద రాసిన దాని నంబరు ఎన్‌సీసీ-1701 అంకెల వంపు తేడాగా ఉందనొచ్చు. కెప్టెన్ చొక్కా రంగు తప్పనొచ్చు. చొక్కా విషయంలో మనకి అదృష్టం కూడా కలిసొచ్చింది. 1966లో మొదలైన అసలు సీరియల్లో కెప్టెన్ చొక్కా బట్ట నిజానికి ఆకుపచ్చ ఛాయది. స్టూడియో దీపాల కింద, ఆనాటి ఫిల్ము మీద అది బంగారు రంగులో పడింది. కాబట్టి బంగారు రంగు బట్ట కుట్టించినవాణ్ణి 'అసలు బట్ట ఆకుపచ్చ, తెలీదా' అనీ, ఆకుపచ్చ కుట్టించినవాణ్ణి 'తెర మీద బంగారు రంగు కదా, చూళ్ళేదా' అనీ, ఇద్దర్నీ దులపొచ్చు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే విద్యలో ఇంత అనువైన గుడ్డు మళ్ళీ దొరకదు.

తర్వాత వంటింటి చట్టం. ఫ్యాన్ ఫిల్మ్‌లో ఆయుధంగానో యంత్రంగానో కనిపించే వస్తువు ఇంట్లోదని పసిగట్టగానే ప్రేక్షకుడు పెద్దగా నవ్వాలి. ఇక్కడ కొందరు గిట్టనివాళ్ళు చరిత్ర తవ్వుతారు. స్టార్ ట్రెక్‌లో డాక్టర్ మెకాయ్ చేతిలో మెరిసే వైద్య పరికరాల్లో కొన్ని ఉప్పు డబ్బాలే. ఒక కథ కోసమని వింత ఆకారాల ఉప్పు డబ్బాలు కొనుక్కొచ్చారు. తీరా చూస్తే అవి ఉప్పు డబ్బాలని జనం పోల్చుకోలేరేమోనని సందేహం వచ్చి, కథలో మామూలు డబ్బా పెట్టి, వింతవి డాక్టరు చేతికిచ్చారు. 'స్టార్ వార్స్'లో లూక్ పట్టుకున్న కాంతిఖడ్గం పిడి పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ గొట్టం. 1980లో వచ్చిన రెండో సినిమాలో ఒకాయన ఐస్‌క్రీం చేసే యంత్రాన్ని పట్టుకుని ప్రాణభయంతో పరిగెడతాడు. 1999 సినిమాలో జెడై గురువు మాట్లాడే పరికరం ఆడవాళ్ళ జిలెట్ రేజరుని అచ్చు తీసి పోసింది.

ముసాయిదా ప్రకారం ఇవేవీ ఇంటి వస్తువులు కావు. స్టూడియో వాడితే కళా దర్శకత్వం, అభిమాని వాడితే పేదరికం. ఇస్త్రీపెట్టెనీ టోస్టరునీ అంతరిక్షంలో ఎగరేసి, 1978లో 8,000 డాలర్లతో 13 నిమిషాల 'హార్డ్‌వేర్ వార్స్' తీసినవాళ్ళు మాత్రం గడుసువాళ్ళు. నవ్వడానికే తీస్తున్నామని ముందే చెప్పేసి మన హక్కుకి గండి కొట్టారు.

కవచాలు కనబడగానే ప్రేక్షకుడు 'ఇది చెప్పుల రబ్బరు' అంటాడు. నిజమే. అది ఈవీఏ ఫోమ్, చెప్పు అడుక్కి వేసే జాతే. ఛాతీ పలకకి 10 మి.మీ., భుజాలకీ మోచేతులకీ 5 మి.మీ., పైన అంచు పట్టీలకి 2 మి.మీ. షీటు సరిపోతుంది. హీట్ గన్‌తో పైపొర బిగుసుకుని కాస్త మెరుపు తిరిగేదాకా కాచి, వంపు తిప్పి, చల్లారేవరకూ అలాగే పట్టుకోవాలి. అతుకులకి ఫెవికాల్ ఎస్‌ఆర్ లాంటి రబ్బరు జిగురు రెండు అంచులకీ పూసి, పదినిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటనప్పుడు నొక్కాలి. తడిమీద నొక్కితే అప్పటికి అతుక్కున్నట్టే ఉంటుంది. దీపాలు వేడెక్కాక, సేనాధిపతి గంభీరంగా ప్రసంగిస్తుండగా సరిగ్గా చంక దగ్గర నోరు తెరుస్తుంది. ఫోమ్ మీద నేరుగా స్ప్రే పెయింట్ కొడితే పీల్చేసుకుంటుంది, కాబట్టి నీళ్ళు కలిపిన తెల్ల ఫెవికాల్ మూడు నాలుగు పూతలు వేసి రంధ్రాలు మూయాలి. ఆ పూతకి వంగే గుణం తక్కువ, నడుం దగ్గర రంగు పగులుతుంది. వంగే చోట రబ్బరు రకం పూతే వేయాలి.

ఇవి ప్రేక్షకుడికి తెలియకపోవడమే మంచిది. తెలిస్తే 'చెప్పుల రబ్బరు' అనే బదులు 'చంక కింద అతుకు విడింది, జిగురు ఆరనివ్వలేదు' అంటాడు. అందులో వినోదం ఏముంది?

ఇక అన్నిటికంటే పవిత్రమైనది నటనని తిట్టే హక్కు. దీన్ని కంటికి రెప్పలా కాపాడుకోవాలి, ఎందుకంటే దీని పునాది చాలా బలహీనం. 'నటన ఘోరం' అని మనం తీర్పు చెప్పే సన్నివేశాల్లో చాలావాటికి అసలు ముద్దాయి మైకు. కెమెరా మీదున్న మైకు నటుడికి ఏ ఎనిమిది అడుగుల దూరంలోనో ఉండి, అతని మాట కంటే గోడలకి కొట్టుకుని తిరిగొచ్చిన మాటనే ఎక్కువ పట్టుకుంటుంది. ఓడ నడిపే గదిలో కెప్టెన్ గొంతు కల్యాణమండపం భోజనాల హాల్లో పిలిచినట్టు వినబడితే, అక్కడ ఎవరు నిలబడ్డా పేలవంగానే తోస్తారు. అదే నటుడికి చొక్కా లోపల, గడ్డానికి జానెడు కింద చిన్న మైకు పెడితే 'పరవాలేదే' అనిపిస్తాడు. దానికీ ఒక తంటా ఉంది. పాలిస్టర్ యూనిఫాం మైకుకి రాసుకుని చరచరమంటుంది. మెడికల్ టేపు ముక్కని జిగురు బయటికి ఉండేలా మడిచి, మైకుకి అటొకటి ఇటొకటి వేసి, బట్ట కదలకుండా అంటించాలి. ఆపైన ప్రతి సెట్లోనూ యూనిట్ మొత్తాన్ని 30 సెకన్లు నోరు మూయించి, ఖాళీ గది చప్పుడు విడిగా రికార్డు చేసుకోవాలి. అది మరిచిపోతే మాటకీ మాటకీ మధ్య వెనక హోరు తెగిపోతూ, మళ్ళీ వస్తూ ఉంటుంది. ఎడిటింగ్ అతుకులన్నీ చెవికి తెలిసిపోతాయి. ప్రేక్షకుడు దీన్ని 'ఫీల్ లేదు' అంటాడు. అలాగే అనాలి. 'రూమ్ టోన్ తీసుకోలేదు' అన్నవాణ్ణి సంఘం నుంచి వెలివేయాలని మా సిఫారసు.

శూన్యంలో శబ్దం ప్రయాణించదని గుర్తుచేసే హక్కు బడి చదువు దాటిన ప్రతివారికీ జన్మతః సంక్రమిస్తుంది. అభిమాని నిజంగానే పేలుడుకి శబ్దం తీసేస్తే, 'సౌండ్ పోయింది, చూసుకోవా' అనే హక్కు కూడా అదే వ్యక్తికి ఉంటుంది.

కాంతిఖడ్గాల దగ్గర అనవలసిన మాట 'ఏదో యాప్‌లో చేసుంటాడు'. కర్రలతో పోరాటం తీసి, తర్వాత ఒక్కో ఫ్రేములోనూ కర్ర మీద వెలుగు గీస్తారు. సెకనుకి 24 ఫ్రేములు. ఒక నిమిషం కత్తియుద్ధానికి 1,440. కత్తులు రెండు కాబట్టి 2,880 సార్లు కత్తి ఆకారం సరిచూసుకోవాలి. చెయ్యి కత్తికి అడ్డొచ్చిన ప్రతిచోటా వెలుగు చేతి మీద పడకుండా విడిగా హద్దు (మాస్కు) గీయాలి. ఇంతా చేశాక కూడా ఎక్కడో తేడా కొడుతుంది. కత్తి నీలంగా వెలుగుతుంటే పట్టుకున్నవాడి ముఖం మీద నీలం వెలుగు పడకపోవడమే అందుకు కారణం. కర్రకి బదులు ఎల్‌ఈడీ గొట్టంతో పోరాడితే ఆ వెలుగు షూటింగ్‌లోనే ముఖం మీద పడుతుంది. ఇక్కడ ట్యూబ్‌లైట్ల కింద తీసేవాళ్ళకి ఇంకో గండం. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది. అమెరికా పాఠాలు చూసి షట్టర్ 1/60 పెడితే పాత చోక్ ట్యూబ్‌లైట్ల వెలుగు తెర మీద అలలు అలలుగా కొట్టుకుంటుంది. 1/50 పెట్టాలి. వెనక పచ్చ గుడ్డ కట్టి తీసి, తర్వాత ఆ పచ్చ చోట వేరే దృశ్యం పెట్టే గ్రీన్ మ్యాట్ సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, నటుణ్ణి గుడ్డకి ఆరేడు అడుగులైనా ముందు నిలబెట్టకపోతే చెవుల అంచులు పచ్చబడతాయి. స్టార్ ట్రెక్‌లో సూది చెవులవాళ్ళది కొంతవరకూ ఆ రంగే కాబట్టి అక్కడ చెల్లిపోవచ్చు.

అంతరిక్ష నౌక వచ్చేసరికి 'వీడియో గేమ్‌లా ఉంది' అనడం ఆనవాయితీ. ఉచితంగా దొరికే బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫ్రేము తయారవడానికి ఇంటి కంప్యూటర్ మీద 5 నిమిషాలు పట్టిందనుకుందాం. 10 సెకన్ల షాటుకి 240 ఫ్రేములు, అంటే 20 గంటలు. ఓడ మీద ఒక కిటికీ దీపం వెలగడం మరిచిపోయామని మర్నాడు కనబడితే మళ్ళీ 20 గంటలు. ఆ శ్రమ తాలూకు చీకటి ఆకాశం ప్రేక్షకుడికి చేరేసరికి మెట్లు మెట్లుగా విడిపోతుంది. 8 బిట్ వీడియోలో ఒక్కో రంగుకీ 256 ఛాయలే. ముదురు నలుపు వైపు వాటిలో చాలా కొద్దే మిగులుతాయి. యూట్యూబ్ కుదింపు వాటినీ నలిపేస్తుంది. ఆకాశం మీద ఇసక లాంటి సన్నటి చుక్కలు (గ్రెయిన్) చల్లి, 1080లో తీసినా 4కె కి సాగదీసి ఎక్కిస్తే మెట్లు చాలావరకూ కలిసిపోతాయి. అంతా చేశాక, బస్సులో కూర్చుని, 144పి లో, ఎండ పడుతున్న తెర మీద చూసి 'గ్రాఫిక్స్ క్లారిటీ లేదు' అనే స్వేచ్ఛకి ముసాయిదాలో పూర్తి రక్షణ కల్పించాం.

తిట్టడమే మన పని అని అపార్థం చేసుకోవద్దు. పొగిడే హక్కు కూడా ఉంది. నిజానికి అదే పదునైనది. 'హాలీవుడ్ సిగ్గుతో తలదించుకోవాలి', 'కోట్లు పోసి తీసినదానికంటే ఇదే నయం' లాంటి వాక్యాలు ఎంత దూరం వెళతాయో 'ఆక్సనార్' అనే స్టార్ ట్రెక్ ఫ్యాన్ ఫిల్మ్ వాళ్ళని అడగాలి. 2014లో వాళ్ళు విడుదల చేసిన 21 నిమిషాల 'ప్రెల్యూడ్ టు ఆక్సనార్' చూసి అభిమానులు ఉప్పొంగిపోయారు. పూర్తి సినిమా కోసం చందాలు 10 లక్షల డాలర్లు దాటాయి. ఇంత బాగా తీస్తున్నారని లోకమంతా చెబుతుంటే హక్కుదారులకి వినబడకుండా ఉంటుందా? 2015 డిసెంబరులో దావా పడింది. సూది చెవులూ, సీరియల్లో క్లింగాన్లనే గ్రహాంతర జాతి మాట్లాడే భాషా కూడా మావేనని అందులో పద్దు రాశారు. 2017 జనవరిలో రాజీ కుదిరేసరికి, పూర్తి నిడివి సినిమా కాస్తా రెండు 15 నిమిషాల ముక్కలకి కుదించుకుపోయింది. మొదట్లో చెప్పిన నియమావళి ఈ గొడవ నడుస్తుండగా వచ్చిందే. 'ఏదో పిల్లల సరదా' అని మనం పెదవి విరిచి ఉంటే ఆ సినిమా నిశ్శబ్దంగా పూర్తయ్యేదేమో. పొగడ్తలో ఇంత శక్తి ఉందని తెలిశాక విమర్శకే ఎందుకు పరిమితం కావాలి?

మన తీర్పుల్ని ధిక్కరించినవాళ్ళు లేకపోలేదు. న్యూయార్క్ రాష్ట్రం టైకాండెరోగాలో జేమ్స్ కాలీ అనే అభిమాని తన ఫ్యాన్ ఎపిసోడ్ల కోసం స్టార్ ట్రెక్ సెట్టంతా పాత ప్లాన్లు చూసి కట్టుకున్నాడు. ప్లైవుడ్డూ రంగూ అని నవ్వదగిన ఆ సెట్టుకే 2016లో అధికారిక లైసెన్సు వచ్చింది, ఇప్పుడు జనం టికెట్ కొని చూస్తున్నారు. ఫిన్లాండులో ఒక ఫ్లాట్లో నీలం తెర కట్టుకుని ఏడేళ్ళపాటు తీసిన 'స్టార్ రెక్: ఇన్ ది పిర్కినింగ్' 2005లో ఉచితంగా విడుదలైంది. ఆ బృందమే 2012లో 'ఐరన్ స్కై'తో థియేటర్లకి ఎక్కింది. సకాలంలో నిరుత్సాహపరచకపోతే ఇలాంటివి జరుగుతాయి.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. కొద్దిమంది ప్రేక్షకులు మన వర్గానికి ద్రోహం చేస్తూ, '4 నిమిషాల 12 సెకన్ల దగ్గర కెప్టెన్ మాట సంగీతంలో మునిగిపోయింది, ఫోన్ స్పీకర్లో రెండుసార్లు విన్నా అర్థం కాలేదు' అని చెబుతున్నారు. 'ఓడలో ఇద్దరూ ఒకే హెల్మెట్‌లో ఉండటంతో ఎవరు చచ్చిపోయారో తెలియలేదు' అంటున్నారు. సమయం, చూసిన పరికరం, తప్పిపోయిన సంగతి, మూడూ చెప్పే ఈ అలవాటుని మొగ్గలోనే తుంచాలి. ఇలా చెబితే తీసినవాడు సంగీతం కాస్త తగ్గించి, హెల్మెట్ మీద ఎర్ర గీత ఒకటి వేసి, రెండో సినిమా బాగా తీస్తాడు. అప్పుడు మనం ఏం చేయాలి?

ఇదిలా ఉండగా 2021 నవంబరులో యూట్యూబ్ డిజ్‌లైకుల లెక్కని అందరికీ కనబడకుండా దాచేసింది. ఎంతమంది ఛీకొట్టారో చూసుకుని మనమూ ఛీకొట్టే సామూహిక సౌఖ్యం పోయింది. అక్కడ తీసినవాడికి మాత్రం ఏ సెకను దగ్గర ఎంతమంది వెళ్ళిపోయారో గీత గీసి మరీ చూపిస్తారు. ఆ గీత చాలా ఫ్యాన్ ఫిల్మ్‌లలో మొదటి నిమిషంలోనే కూలిపోతుంది, ఎందుకంటే ఆ నిమిషమంతా సొంత బ్యానరు లోగో, రెండో లోగో, మూడు పేరాల పాత కథ, అక్షరాల పరుగు. కథలోకి 20 సెకన్లలో దిగమని ఎవరూ చెప్పరు, మనం అసలే చెప్పం.

ముసాయిదా మీద అభ్యంతరాలు ఆహ్వానిస్తున్నాం. ఏదైనా ఒక ఫ్యాన్ ఫిల్మ్‌ని ముందుకు లాగకుండా, చివర పేర్లతో సహా చూసినవాళ్ళే పంపాలి. ఇంతవరకూ ఒక్కటీ రాలేదు కనుక ఏకగ్రీవంగా ఆమోదం పొందినట్టు ప్రకటిస్తున్నాం.