కొలవాల్సింది కనిగిరి నీళ్లను

నెల్లూరు జిల్లా పల్లెల్లో జనం నడుములు వంగిపోవడానికి, పళ్లు గారపట్టడానికి బావినీళ్లలోని ఫ్లోరైడే కారణమని షార్ట్ అనే వైద్యుడు, ఆయన బృందం 1937లోనే వైద్య పత్రికలో రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో (తర్వాత దాని పేరే ప్రకాశం) కలిశాయి. దాదాపు తొంభై ఏళ్లయినా ఆ ప్రాంతంలో మంచినీళ్లంటే టెన్షనే.

ఇప్పుడైతే అలాంటి వ్యాసం పక్కన రంగుల చక్రం, దాని మధ్య ఒక అంకె కనిపిస్తాయి. ఎన్ని పోస్టుల్లో, వార్తల్లో, వికీపీడియా పేజీల్లో, ప్రభుత్వ విధాన పత్రాల్లో ఆ వ్యాసం ప్రస్తావన వచ్చిందో లెక్కగట్టి వేసే అంకె అది. 2010లో మొదలైన ఈ పద్ధతి పేరు ఆల్ట్‌మెట్రిక్స్. దీన్ని మేము కొట్టిపారేయడం లేదు. నీళ్లు, నేల, తీరం మీద చేసే పరిశోధన తోటి శాస్త్రవేత్తల కోసమే కాదు. వాళ్ల సైటేషన్లు, అంటే తమ వ్యాసాల్లో చేసే ప్రస్తావనలు, పోగయ్యే దాకా ఏళ్ల తరబడి ఆగకుండా, బయటి ప్రపంచం ఏమంటోందో చూడాలనుకోవడం మంచి ఆలోచనే.

కానీ ఈ లెక్కకు మన జిల్లాలు సరిగా కనిపించవు. వ్యాసం లింకో, దాని డీఓఐ నంబరో (ఆన్‌లైన్‌లో వ్యాసానికి ఉండే శాశ్వత గుర్తింపు) ఉంటేనే ప్రస్తావన సులువుగా దొరుకుతుంది. తెలుగు పత్రికల వార్తల్లో అవి అరుదు. ఇందుకూరుపేట, విడవలూరు ఆక్వా రైతులు రొయ్యలకు వచ్చే వైట్‌స్పాట్ తెగులు గురించి వాట్సాప్‌లో మాట్లాడుకునేదీ అందులోకి రాదు. పైగా మెచ్చుకున్నా, తిట్టినా అంకె పెరగడమే.

ప్రభావం అంటే ఏమిటో మన తీరమే చూసింది. ఆంధ్ర, తమిళనాడు రొయ్యల చెరువుల వల్ల ఊళ్ల తాగునీరు ఉప్పబారుతోందని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఆ రోజు ఆ నివేదికకు ఆన్‌లైన్ స్కోరంటూ ఏమీ లేదు.

అందుకే విశ్వవిద్యాలయాలకు మా విన్నపం ఒకటే. ఈ అంకెను ప్రమోషన్ ఫారంలో గడిగా పెట్టకండి. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో, అంటే ఒక పత్రిక వ్యాసాలకు సగటున వచ్చే సైటేషన్ల లెక్కతో, మనుషుల్ని తూచొద్దని 2012 శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ చెప్పింది. ఆ తప్పే కొత్త అంకెతో మళ్లీ చేయొద్దు. ఎవరు మాట్లాడుకుంటున్నారో తెలుసుకోవడానికి చూడండి, చాలు. దాని బదులు వేరే ప్రశ్నలు అడగండి. కనిగిరి బోరు నుంచి శాంపిల్ పట్టుకెళ్లినవాళ్లు తిరిగొచ్చి ఫలితం చెప్పారా? గ్రామసభలో, తెలుగులో, ఏ బోరు నీళ్లు తాగొచ్చో ఏవి తాగకూడదో చెప్పారా? ఆ రోజు తేదీని, ఆ ఊరి పేరును పరిశోధకుడి రికార్డులో రాయండి.