మెహ్మెత్‌గా వెళ్లి ఆంటోనీగా వచ్చాడు

టర్కీ నటుడు హాలుక్ బిల్గినెర్ గురించి ఎవరు రాసినా 2019 నవంబరుతో మొదలుపెడతారు. న్యూయార్క్‌లో ఆయనకు ఉత్తమ నటుడిగా అంతర్జాతీయ ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చిన నెల అది. నన్నడిగితే 2012తో మొదలుపెట్టాలి. ఆ ఏడాది లండన్‌లోని గ్లోబ్ థియేటర్ షేక్‌స్పియర్ నాటకాలను 37 భాషల్లో ఆడించింది. బిల్గినెర్ బృందం ‘ఆంటోనీ అండ్ క్లియోపాత్రా’తో వెళ్లింది. ఆంటోనీ ఆయనే. మాట్లాడింది టర్కిష్‌లో.

లండన్ ఆయనకు కొత్తేమీ కాదు. 1954లో ఇజ్మీర్‌లో పుట్టి, 1977లో అంకారా ప్రభుత్వ కన్సర్వేటరీ అనే కళల కాలేజీలో చదువు ముగించి, నటనలో పైచదువుకు వెళ్లింది ఆ ఊరికే. 1985లో మొదలైన బీబీసీ సీరియల్ ‘ఈస్ట్‌ఎండర్స్’లో మెహ్మెత్ ఉస్మాన్ అయ్యాడు. సైప్రస్ టర్కు, జూదగాడు, ఆడవాళ్ల పిచ్చి ఉన్నవాడు. అప్పట్లో బ్రిటన్‌లో కోట్లమంది చూసే సీరియల్ అది. పేరొచ్చింది, నిజమే. కానీ ఇంకో పదేళ్లు అక్కడే ఉన్నా, వచ్చేవి మెహ్మెత్‌కు తమ్ముళ్లలాంటి వేషాలే అని నా అనుమానం.

టర్కీకి తిరిగొచ్చాక టీవీని వదల్లేదు. ‘తాత్లి హయాత్’లో డ్రైక్లీనింగ్ షాపుల యజమానిగా ఇంటింటినీ నవ్వించాడు. దాంతోపాటే 1999లో నటి జుహాల్ ఓల్జాయ్‌తో కలిసి ‘ఓయున్ అతోల్యేసి’ అనే నాటక సంస్థ పెట్టాడు. ఇస్తాంబుల్‌లో ఆసియా వైపున్న కడికోయ్ దాని చోటు. గ్లోబ్‌కు వెళ్లిన బృందం ఇదే.

ఆ రంగస్థలం ఆయన గొంతుకు ఏం నేర్పిందో 2014లో కాన్ సినిమా ఉత్సవంలో అగ్ర బహుమతి పామ్ డోర్ గెలిచిన ‘వింటర్ స్లీప్’లో వినాలి. మూడుంపావు గంటల సినిమా. నేను రెండు విడతల్లో చూశాను, సిగ్గేం లేదు. ఇందులో ఆయన అయ్‌దిన్. ఒకప్పటి నాటక నటుడు, ఇప్పుడు టర్కీలోని కప్పడోకియా ప్రాంతంలో హోటల్ నడుపుతుంటాడు. ఒక సీన్‌లో బల్ల ముందు కూర్చుని పని చేసుకుంటుంటే, వెనక సోఫా మీద పడుకున్న చెల్లెలు ఒక్కో మాటతో గుచ్చుతుంది. ఆమెకు కనిపించేది అన్న వీపు మాత్రమే. అతను అరవడు, మర్యాదగానే జవాబిస్తాడు. ఆ మర్యాదే చెంపదెబ్బలా తగులుతుంది. క్లోజప్ మీద బతికే నటుడికి ఇది సాధ్యమని నేననుకోను.

ఎమ్మీ తెచ్చిన ‘షాహ్‌సియెత్’ 2018 నాటి వెబ్ సిరీస్. కోర్టులో గుమస్తాగా చేసి రిటైరైన ఆగాహ్‌కు అల్జీమర్స్ అని తేలుతుంది. ఎలాగూ మరిచిపోతాను కదా అని, శిక్ష పడకుండా తప్పించుకున్నవాళ్లను ఒక్కొక్కరినే చంపడం మొదలుపెడతాడు. అదే ఏడాది హాలీవుడ్ కూడా ఆయన్ను ‘హాలోవీన్’ అనే హారర్ సినిమాకు పిలిచింది. ఇచ్చిన వేషం, విదేశీ యాసతో మాట్లాడే, మతి తప్పిన డాక్టరు.