వైన్స్ తగిలితే కంగ్రాట్స్ చెప్పాలా?

2024 అక్టోబర్ 14న మా గుంటూరు చుట్టాల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నించి ఒకటే టెన్షన్. పిల్లల రిజల్ట్స్ అనుకునేరు, వైన్ షాపుల లాటరీ అండి. రాష్ట్రం మొత్తానికి 3,396 షాపులు, వాటికి దాదాపు 90 వేల అప్లికేషన్లు, ఒక్కో దానికి 2 లక్షలు, తగలకపోతే ఆ డబ్బు వెనక్కి రాదు. అంటే చుక్క మందు అమ్మకుండానే సర్కారుకి 1,800 కోట్ల దాకా వచ్చిపడ్డాయి. మా బాబాయి, ఆయన ఫ్రెండ్స్ ఇద్దరూ, నేనూ తలా 50 వేలు వేసి ఒకటి పెట్టాం. తగల్లేదు. ఆ రోజు నా బాధంతా పోయిన 50 వేల గురించే, మందు వ్యాపారంలో వాటాకి డబ్బు కట్టానన్న సంగతి తట్టనే లేదు.

తట్టింది తర్వాతెప్పుడో, మిర్చి యార్డు దగ్గర. టిక్కీలు (మిరపకాయల బస్తాలు) మోసే మనిషి ఒకాయన, నలభై ఉంటాయేమో, బట్టల నిండా మిరప ఘాటు, చేతిలో 99 రూపాయల క్వార్టరు, నీళ్ళ ప్యాకెట్టు. నిలబడే రెండు గుక్కల్లో మింగేసి మొహం చిట్లించాడు, రుచి కోసం తాగేవాడి మొహం కాదది. ఆ తర్వాత ప్లాస్టిక్ గ్లాసు పారేయకుండా మిగిలిన నీళ్ళతో కడిగి సంచిలో పెట్టుకున్నాడు. మళ్ళీ కావాలి కదా.

షాపు లెక్కలో ఈయనే బంగారం లాంటి కస్టమర్. పండక్కి అల్లుడొచ్చాడని ఫుల్ బాటిల్ కొనేవాళ్ళని నమ్ముకుంటే షాపు అద్దె కూడా రాదు, రోజూ వచ్చేవాడు కావాలి, వాడు ఇంకాస్త ఎక్కువ తాగాలి. బ్రాడీపేటలో టిఫిన్ సెంటర్ బాగా నడుస్తోందంటే తిన్నోళ్ళకి కడుపు నిండినట్టే, విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టాయన రెండో కొట్టు పెట్టాడంటే కొన్నోళ్ళు కూడా పండక్కి కొత్త బట్టలు కట్టుకున్నట్టే. వైన్స్‌లో మాత్రం ఓనరు ఎదిగేకొద్దీ వాడి పెద్ద గిరాకీ చితికిపోతూ ఉంటాడు, నాకు ఇక్కడే ముల్లు గుచ్చుకుంటుంది.

మేం బలవంతంగా నోట్లో పోశామా అంటారు. సగం నిజమే. అయినా ఈ వాదన గుంటూరోళ్ళకి కొత్తా ఏంటి, పొగాకు బోర్డు హెడ్డాఫీసే మన ఊళ్ళో ఉంది, పొగాకు మీద మేడలు కట్టినోళ్ళని మనం పెద్దమనుషులనే అన్నాం. మరి బ్రాందీ షాపోడు ఏం పాపం చేశాడు? నేను చెప్పగలిగింది ఒక్కటే, సిగరెట్టు తాగినోణ్ణి ఎప్పటికో కొడుతుంది, మందు ఆ రాత్రే ఇంట్లో ఆడమనిషిని కొట్టిస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడింది పుస్తకాలు చదివి నీతులు నేర్చినోళ్ళు కాదు, అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న కూలి చేసుకునే ఆడోళ్ళు. వాళ్ళ దెబ్బకే 1993 అక్టోబర్లో సారా ఆగింది, 1995లో ఎన్టీఆర్ మొత్తం మద్యమే బంద్ పెట్టారు, 1997కల్లా ఖజానా ఖాళీ, దొంగ మందు అంటూ చంద్రబాబు సర్కారు ఆ బంద్ ఎత్తేసింది.

అప్పట్నించీ అసలు వ్యాపారి ఎవరయ్యా అంటే ప్రభుత్వమే. మద్యనిషేధానికి ప్రయత్నించమని రాజ్యాంగం 47వ అధికరణలో రాసి ఉంది, మరి 2019 అక్టోబర్ నుంచి ఐదేళ్ళు షాపులు నడిపింది సర్కారే. కాబట్టి లైసెన్సు తీసుకున్నోణ్ణి ఒక్కణ్ణే బోనులో నిలబెట్టడం అన్యాయం, నేనూ ఒప్పుకుంటా.

కానీ లైసెన్సు తీసుకోవడం వేరు, అందులో బాగా సంపాదించడం వేరు. ఎమ్మార్పీకి అమ్మి, తూలుతున్నోడికి ఇంక చాల్లే పొమ్మని, ఊళ్ళలో బెల్టు షాపులకి ఒక్క కేసు కూడా పంపకుండా, టైముకి షట్టర్ దించేసేవాడు బతకొచ్చు, లక్షల్లో లైసెన్సు ఫీజు కట్టాక ఆ బతుకు కూడా అంతంత మాత్రమే. కోట్లు వచ్చాయంటే ఈ గీతల్లో ఏదో ఒకటి దాటే ఉంటాడు, సిండికేట్ అయినా కట్టుంటాడు. మనం చప్పట్లు కొట్టేది ఆ దాటినదానికే. గుళ్ళో పాలరాయి మీద పేరు చెక్కిస్తాం, అన్నదానానికి మొదటి విస్తరి వేయిస్తాం, పెళ్ళి సంబంధం దగ్గరకొచ్చేసరికి మాత్రం "అబ్బాయి వాళ్ళది బిజినెస్ అండి" అని ఊరుకుంటాం. కిరాణా కొట్టున్నోళ్ళ గురించి ఎవరూ అలా నమలరు.

ఆ లైసెన్సులు రెండేళ్ళకే. మొన్న బాబాయి ఫోన్ చేసి "ఈసారి ఒకటి కాదురా, నాలుగు వేద్దాం, నీ వాటా ఎంత?" అన్నాడు. చూద్దాం బాబాయ్ అన్నా. వద్దని మాత్రం ఇంకా అన్లేదు.